తుపాకుల విశ్వసనీయతా పరీక్షలు

తుపాకుల విశ్వసనీయతా పరీక్ష అనగా ఒక తుపాకి వేలకొలది తూటాలు పేల్చిన తరువాత కూడా, దుమ్ము, బురద, తేమ, చలి, వేడి వంటి ప్రతికూల పరిస్థితులలో కూడా, మొరాయించకుండా పనిచేయగలదో లేదో తెలుసుకొనుటకు జరిపే దీర్ఘకాల పరీక్ష. తుపాకితో పాటు దానికి అమర్చే మ్యాగజైను, గురిచూసే దుర్భిణి, శబ్దనిరోధకం వంటి ఉపకరణాలకు, దానిలో వాడే తూటాలకు, కందెన నూనెలకు కూడా ఇటువంటి పరీక్షలు జరుపుతారు. సైన్యాలు, పోలీసు విభాగాలు కొత్త ఆయుధాన్ని స్వీకరించే ముందు ఈ పరీక్షలు తప్పనిసరి. ఈ పరీక్షల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: పరీక్షలో నెగ్గిన తుపాకి, పరీక్షించిన పరిస్థితులలో మాత్రమే నెగ్గినట్లు లెక్క. ఆ తరువాత తూటా మారినా, వాడే చోటు మారినా, సంరక్షణ లోపించినా పరీక్షాఫలితానికి విలువ తగ్గిపోతుంది. 1960వ దశకంలో వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన ఎం16 రైఫిలు ఉదంతం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

పదజాలం

ఈ రంగంలో తరచు కలగాపులగమయ్యే మూడు మాటలు ఉన్నవి.

సామర్థ్య నిర్ధారణ (ప్రూఫ్ పరీక్ష): తుపాకి గొట్టం, తూటా కూర్చునే ఛాంబరు పేలుడు పీడనాన్ని తట్టుకొనగలవా అని చూడటం. ఇందుకు మామూలు తూటాకంటే ఎక్కువ పీడనమిచ్చే ప్రత్యేక తూటాలను పేల్చి, పగుళ్ళు వచ్చినవేమోనని పరిశీలిస్తారు. ఐరోపాలో ఈ పరీక్షలకు ఏకరూపత కల్పించుటకు బెల్జియంలోని లీజ్ నగరం కేంద్రంగా 1914లో సి.ఐ.పి. అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఇది భద్రతకు సంబంధించిన పరీక్ష. ఇందులో నెగ్గినంత మాత్రాన తుపాకి నమ్మదగినదని చెప్పలేము.

మన్నిక: తుపాకి భాగాలు అరిగిపోకుండా, విరిగిపోకుండా ఎన్ని తూటాలవరకు నిలుస్తాయో తెలిపే లక్షణం.

విశ్వసనీయత: ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ తుపాకి తన పని తాను పూర్తిచేసే లక్షణం. ఒక్క భాగమూ విరగకుండానే తుపాకి పదేపదే మొరాయించవచ్చును. అలాగే ఒక్కసారి కూడా మొరాయించని తుపాకిలో ఒక భాగం హఠాత్తుగా విరిగిపోవచ్చును. కనుక ఈ రెండింటినీ వేరువేరుగా లెక్కిస్తారు.

ఆటంకాలు - వాటి రకాలు

స్వయంచాలక తుపాకిలో ఒక్క తూటా పేలుటకు అనేక పనులు వరుసగా జరగాలి. మ్యాగజైను నుండి తూటా పైకి రావాలి. బోల్టు దానిని ఛాంబరులోకి నెట్టి బిగించాలి. పిన్ను తూటా అడుగుభాగాన్ని కొట్టాలి. పేలిన తరువాత ఖాళీ తొడుగును కొక్కెం వెనక్కు లాగాలి. తొడుగు బయటకు ఎగిరి పడాలి. మళ్ళీ మొదటి పని మొదలు కావాలి. ఇదంతా సెకనులో పదో వంతుకంటే తక్కువ కాలంలో జరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తుపాకి ఆగిపోతుంది. దీనినే ఆటంకం అంటారు.

అమెరికా సైన్యపు పద్ధతిలో ఆటంకాలను మూడు తరగతులుగా విభజిస్తారు. సైనికుడు తానే పది సెకన్లలోపు సరిచేసుకోగలిగినది మొదటి తరగతి. పది సెకన్లకంటే ఎక్కువ సమయం పట్టినా తానే సరిచేసుకోగలిగినది రెండవ తరగతి. ఆయుధ మరమ్మతుదారు వద్దకు పంపవలసినది మూడవ తరగతి. మొత్తం పేల్చిన తూటాల సంఖ్యను ఆటంకాల సంఖ్యతో భాగించగా వచ్చిన సంఖ్యను రెండు ఆటంకాల నడుమ సగటు తూటాలు అని చెబుతారు. ఈ సంఖ్య ఎంత పెద్దదైతే తుపాకి అంత నమ్మదగినది.

పరీక్షా విధానము

సాధారణంగా ఒకే నమూనాకు చెందిన అనేక తుపాకులను తీసుకొని, ప్రతి దానిని ముందుగా విప్పి, కొలతలు తీసి, లోహంలో కంటికి కనిపించని పగుళ్ళు ఉన్నవేమో పరిశీలిస్తారు. తరువాత ముందే నిర్ణయించిన క్రమంలో వేలాది తూటాలు పేలుస్తారు. ఎన్ని తూటాల తరువాత చల్లార్చాలి, ఎన్నింటికి ఒకసారి నూనె వేయాలి, ఎప్పుడు పూర్తిగా శుభ్రం చేయాలి అన్నవి కూడా ముందే రాసి పెట్టుకుంటారు. ప్రతి ఆటంకాన్ని తూటా సంఖ్యతో, మ్యాగజైను సంఖ్యతో సహా నమోదు చేస్తారు. ఒకే మ్యాగజైనుతో మాటిమాటికి ఆటంకం వస్తూ ఉంటే దోషం తుపాకిది కాక మ్యాగజైనుది అయి ఉండవచ్చును.

వీటితోపాటు జరిపే వాతావరణ పరీక్షలలో ముఖ్యమైనవి:

ధూళి, ఇసుక: కదిలే భాగాల మధ్య దుమ్ము చేరి రాపిడి పెరుగుతుంది. నూనెతో కలసిన ఇసుక ఆకురాయివలె లోహాన్ని అరగదీస్తుంది.

చలి: కందెన చిక్కబడి బోల్టు వేగం తగ్గుతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్కులు పెళుసుబారి పగులుతాయి. పేలుడు మందు కాలే వేగం కూడా మారుతుంది.

వేడి: నూనె పలుచబడి కారిపోతుంది, ఆవిరైపోతుంది. ఎడతెరిపి లేకుండా పేల్చినప్పుడు ఛాంబరు వేడికి ట్రిగ్గరు నొక్కకుండానే తూటా పేలిపోయే ప్రమాదం ఉన్నది.

తేమ, ఉప్పునీరు: తుప్పు పట్టుట, ఛాంబరు గోడలు గరుకుబారుట దీని ఫలితాలు.

వీటికి తోడు బురదలో ముంచుట, నీటిలో ముంచి తీయుట, గట్టి నేలపై వేర్వేరు కోణాలలో జారవిడుచుట కూడా పరీక్షలో భాగాలే. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని అబర్డీన్ పరీక్షాకేంద్రం ఇటువంటి పరీక్షలకు పేరుపొందినది. దీనిని 1917లో నెలకొల్పారు.

లెక్కలు ఏమి చెబుతాయి

పరీక్షలో ఎన్ని తూటాలు పేల్చాలి అన్నది సంభావ్యతా శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. వరుసగా కొన్ని తూటాలు ఒక్క ఆటంకం కూడా లేకుండా పేలినట్లయితే, 3ను ఆ తూటాల సంఖ్యతో భాగించాలి. అసలు ఆటంకాల రేటు ఆ వచ్చిన విలువకు మించి ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చును. గణాంకశాస్త్రంలో దీనిని మూడింటి సూత్రం అంటారు.

ఉదాహరణకు 300 తూటాలు నిరాటంకంగా పేలితే, ఆటంకాల రేటు నూటికి ఒకటికంటే మించదని మాత్రమే తేలుతుంది. ఇది చూచుటకు మంచి ఫలితం వలెనే ఉంటుంది. కాని 30 తూటాల మ్యాగజైన్లు ఏడు, అనగా 210 తూటాలు వెంట తీసుకొని వెళ్ళే సైనికుని విషయం ఆలోచించవలెను. రేటు నిజంగానే నూటికి ఒకటి అయితే, ఆ 210 తూటాలూ ఒక్క ఆటంకం లేకుండా పేలే అవకాశం సుమారు 12 శాతం మాత్రమే. అదే 6,000 తూటాలు నిరాటంకంగా పేలిన తుపాకి విషయంలో రేటు రెండు వేలకు ఒకటిని మించదని చెప్పవచ్చును. అప్పుడు 210 తూటాలు నిరాటంకంగా పేలే అవకాశం కనీసం 90 శాతం ఉంటుంది. దీర్ఘకాల పరీక్షలలో అంత మందుగుండు ఖర్చు చేయుటకు కారణం ఇదే.

ఒకే తుపాకిని ఎంతసేపు పరీక్షించినా, తెలిసేది ఆ ఒక్క తుపాకి గురించే. కర్మాగారంలో తయారైన ఒకదానికి, మరొకదానికి మధ్య ఉండే తేడా తెలియాలంటే అనేక తుపాకులను పరీక్షించక తప్పదు.

తొలినాటి పరీక్షలు: 1911 పిస్తోలు

అమెరికా సైన్యం తనకు కావలసిన స్వయంచాలక పిస్తోలును ఎంచుకొనుటకు 1907లో పోటీ పరీక్షలు ప్రారంభించింది. చివరకు రెండు కంపెనీలు బరిలో మిగిలినవి. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్తోలు ఒకటి, సావేజ్ పిస్తోలు రెండవది. తుది పరీక్షలో ఒక్కొక్క పిస్తోలుతో 6,000 తూటాలు పేల్చారు. సావేజ్ పిస్తోలుకు 37 ఆటంకాలు రాగా, కోల్ట్ పిస్తోలుకు ఒక్కటి కూడా రాలేదు. 1911 మార్చి 29న కోల్ట్ పిస్తోలును సైన్యం స్వీకరించింది. ఎం1911 అనే పేరుతో అది 1980వ దశకం వరకు, అనగా ఏడు దశాబ్దాలకు పైగా, అమెరికా సైన్యపు ప్రామాణిక పిస్తోలుగా కొనసాగింది. సుదీర్ఘ పరీక్షకు తగిన ఫలితం లభించిన ఉదాహరణగా దీనిని చెప్పుకుంటారు.

ఎం16 ఉదంతం

యూజీన్ స్టోనర్ ఆర్మలైట్ సంస్థలో రూపొందించిన ఎఆర్-15 రైఫిలు హక్కులను 1959లో కోల్ట్ కంపెనీ కొనుగోలు చేసింది. తేలికైన ఈ రైఫిలు తొలి పరీక్షలలో మంచి పేరు తెచ్చుకున్నది. ఆ పరీక్షలలో వాడిన తూటాలలో డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన, సన్నని గొట్టపు గింజల రూపంలో ఉండే ఐఎంఆర్ 4475 అనే పేలుడు మందు ఉండేది. రైఫిలులోని వాయుగొట్టం, బోల్టు, స్ప్రింగు అన్నీ ఆ మందుకు తగినట్లుగా కుదిరినవి.

1964లో సైన్యం ఆ మందుకు బదులు ఓలిన్ కంపెనీ వారి డబ్ల్యుసి 846 అనే గోళీమందును వాడుట ప్రారంభించింది. దీని వలన రెండు మార్పులు వచ్చినవి. ఒకటి, బోల్టు వేగం పెరిగింది. నిమిషానికి 850 తూటాలకు మించరాదన్న పరిమితి దాటి, రైఫిలు సుమారు 1,000 తూటాల వేగంతో పేలసాగింది. ఖాళీ తొడుగు ఛాంబరు గోడలను ఇంకా వదలక ముందే కొక్కెం దానిని లాగుట వలన తొడుగు అంచు తెగిపోయి, తొడుగు లోపలనే ఇరుక్కుపోయేది. రెండు, కొత్త మందులో కలిపిన కాల్షియం కార్బొనేటు వలన మసి, గార ఎక్కువగా పేరుకొనేవి.

దీనికి మరి రెండు లోపాలు తోడైనవి. ఛాంబరుకు క్రోమియం పూత వేయలేదు. వియత్నాం అడవుల తేమకు అది తుప్పుపట్టి గరుకుబారేది. ఈ రైఫిలుకు పెద్దగా శుభ్రత అవసరం లేదన్న అపోహ వ్యాపించుట వలన శుభ్రపరిచే పరికరాలు కూడా చాలినన్ని పంపలేదు. ఇరుక్కున్న తొడుగును తీయాలంటే గొట్టం ముందు నుండి కడ్డీ దూర్చి వెనక్కు నెట్టాలి. ఆ కడ్డీలు కూడా అందరివద్దా లేవు.

ఈ ఉదంతంలో పరీక్షల దృష్ట్యా అత్యంత ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. గోళీమందుతో పేల్చినప్పుడు రైఫిళ్ళు వేగపరిమితిని దాటుతున్నందున కర్మాగారంలోని అంగీకార పరీక్షలలో నెగ్గుట కష్టమైంది. అందువలన ఆ పరీక్షలలో పాత మందు తూటాలను వాడుటకు కంపెనీకి అనుమతి లభించింది. ఆ విధంగా నెగ్గిన రైఫిళ్ళను, గోళీమందు తూటాలతో కలిపి, యుద్ధరంగానికి పంపారు. పరీక్షించినది ఒక జత, సైనికుని చేతికి ఇచ్చినది మరొక జత.

1966, 1967 సంవత్సరాలలో రైఫిళ్ళు మొరాయిస్తున్నవని సైనికులు ఇళ్ళకు ఉత్తరాలు రాయసాగారు. 1967 ఏప్రిల్-మే నెలలలో ఖే సాన్ సమీపంలోని కొండలపై జరిగిన పోరాటాల తరువాత ఈ ఫిర్యాదులు తీవ్రమైనవి. ఇరుక్కున్న తొడుగులను తీసే ప్రయత్నంలో ఉండగానే కొందరు మరణించారన్న వార్తలు దేశమంతటా అలజడి రేపినవి. 1967 మే నెలలో ప్రతినిధుల సభ, మిస్సోరీకి చెందిన రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన ఒక ఉపసంఘాన్ని నియమించింది. అక్టోబరులో వెలువడిన ఉపసంఘ నివేదిక, తగిన పరీక్షలు లేకుండా మందు మార్చుటను ప్రధాన కారణంగా చూపి, ఈ వ్యవహారాన్ని నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉన్నదని విమర్శించింది.

తరువాత ఛాంబరుకు క్రోమియం పూత వేశారు. బోల్టు వేగాన్ని తగ్గించుటకు వెనుకనున్న బఫరును మార్చారు. శుభ్రపరిచే పరికరాలు అందరికీ ఇచ్చారు. చిత్రకథల రచయిత విల్ ఐస్నర్ బొమ్మలతో రూపొందించిన సంరక్షణ పుస్తకాన్ని 1968లో సైనికులకు పంచిపెట్టారు. ఈ మార్పులతో రైఫిలు కుదుటపడింది. దాని సంతతికి చెందిన ఆయుధాలు 21వ శతాబ్దంలో కూడా అనేక దేశాలలో వాడుకలో ఉన్నవి. మూల రూపకల్పనలో కంటే, పరీక్షకూ వాడకానికీ మధ్య ఏర్పడిన అగాధంలోనే దోషం ఎక్కువగా ఉన్నదని దీనిని బట్టి గ్రహించవచ్చును.

2007 ధూళి పరీక్ష

ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల కాలంలో ఎం4 కార్బైను దుమ్ములో మొరాయిస్తున్నదన్న విమర్శలు రాగా, 2007 చివరలో అబర్డీన్‌లో నాలుగు ఆయుధాలను పోల్చి చూశారు. ఒక్కొక్క రకానికి పది తుపాకులు, ఒక్కొక్క తుపాకికి 6,000 తూటాల చొప్పున, ప్రతి రకంతోను 60,000 తూటాలు పేల్చారు. తుపాకులను దట్టమైన ధూళిలో ఉంచి, 120 తూటాలు పేల్చి, మరల ధూళిలో ఉంచేవారు.

ఫలితాలు ఈ విధంగా ఉన్నవి. ఎక్స్ఎం8కు 127 ఆటంకాలు, స్కార్‌కు 226, హెచ్‌కె416కు 233, ఎం4కు 882. అనగా రెండు ఆటంకాల నడుమ సగటు తూటాలు వరుసగా సుమారు 472, 265, 258, 68. ఎం4 ఆటంకాలలో కొన్ని తుపాకికి కాక మ్యాగజైనుకు సంబంధించినవి.

ఈ అంకెలను ఇరుపక్షాల వారు తమకు అనుకూలంగా చెప్పుకున్నారు. నూటికి 98కి పైగా తూటాలు ఆటంకం లేకుండా పేలినవని సైన్యం అన్నది. మిగిలిన మూడింటికంటే మూడు రెట్లకు మించి ఎక్కువ ఆటంకాలు వచ్చినవని విమర్శకులు అన్నారు. రెండూ సత్యమే. అంతకుమించి గమనింపదగినది, అదే సంవత్సరం వేసవిలో జరిగిన ఇటువంటి పరీక్షలోనే ఎం4కు సుమారు 300 ఆటంకాలు మాత్రమే వచ్చుట. ఒకే ఆయుధానికి, ఒకే కేంద్రంలో, కొద్ది నెలల వ్యవధిలో ఇంత తేడా వచ్చినందున, ఒక్క పరీక్షలోని అంకెను పట్టుకొని తీర్పు చెప్పుట సరికాదని తెలుస్తున్నది.

ఎంపిక తరువాత బయటపడే లోపాలు

ఎం1911 స్థానంలో 1985లో అమెరికా సైన్యం బెరెట్టా 92 పిస్తోలును ఎం9 పేరుతో స్వీకరించింది. ఎంపిక పరీక్షలలో నెగ్గిన ఈ పిస్తోలులో, 1987 నుండి పైభాగమైన స్లైడు పగిలి వెనుక సగం కాల్చేవారి ముఖానికి తగిలిన సంఘటనలు జరిగినవి. లోహపు నాణ్యత కారణమా, అధిక పీడనమిచ్చే తూటాలు కారణమా అన్న విషయంపై వాదప్రతివాదాలు నడిచినవి. చివరకు సుత్తి పిన్ను తలను పెద్దది చేసి, స్లైడు పగిలినా వెనక్కు ఎగిరిరాకుండా ఏర్పాటు చేశారు. లోపం ఎప్పటికీ రాదని హామీ ఇవ్వలేనప్పుడు, వచ్చినా ప్రాణహాని కలగకుండా చూచుట కూడా రూపకల్పనలో భాగమే.

2017లో ఎంపికైన సిగ్ సాయర్ పి320 విషయంలో మరొక సంగతి తేలింది. ఆ సంవత్సరం ఆగస్టులో పౌరులకు అమ్మే నమూనా ఒక ప్రత్యేక కోణంలో కింద పడినప్పుడు తనంతట తానే పేలుతున్నట్లు వెల్లడైంది. అప్పటి ప్రామాణిక పతన పరీక్షలలో ఆ కోణం లేదు. తయారీదారు ట్రిగ్గరు భాగాల బరువు తగ్గించి సవరణ చేసింది.

ఉపకరణాల పరీక్ష

మ్యాగజైను: ఆటంకాలకు అతిసాధారణ కారణాలలో ఒకటి. దాని స్ప్రింగు బలహీనపడినా, పై అంచులు కొద్దిగా వంగినా తూటా సరిగా పైకి రాదు. కనుక ప్రతి మ్యాగజైనుకు సంఖ్య వేసి, దేనితో ఎన్ని ఆటంకాలు వచ్చినవో లెక్కిస్తారు.

గురిచూసే దుర్భిణి: ప్రతి పేలుడు తాకిడికి దీని లోపలి కటకాలు అదురుతాయి. వేల తూటాల తరువాత కూడా, తీసి మరల బిగించిన తరువాత కూడా గురి మారకుండా నిలుస్తుందా అన్నది ప్రధాన పరీక్ష. నీటిలో ముంచుట, వేడి నుండి చలికి మార్చుట ద్వారా లోపల ఆవిరి పట్టునేమో చూస్తారు.

శబ్దనిరోధకం: ఇది పేలుడు వాయువులను కొంత వెనక్కు మళ్ళించుట వలన బోల్టు వేగం, మసి రెండూ పెరుగుతాయి. అందువలన ఇది లేకుండా నెగ్గిన తుపాకిని, ఇది బిగించి మరల పరీక్షించవలసి ఉంటుంది.

భారతదేశంలో

పూణేలోని ఆయుధ పరిశోధనా సంస్థ రూపొందించిన 5.56 మి.మీ. ఇన్సాస్ రైఫిలుకు 1999 కార్గిల్ యుద్ధం పెద్ద పరీక్ష అయింది. ఎత్తైన ప్రాంతాల చలిలో రైఫిళ్ళు మొరాయించినవని, ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలినవని ఫిర్యాదులు వచ్చినవి. తరువాత తయారైన వాటిలో మార్పులు చేశారు. ఇదే రైఫిలు పోరులో విఫలమైనదని 2005లో నేపాల్ సైన్యం ఆరోపించగా, సరైన వాడకం లోపించుట కారణం కావచ్చునని భారత పక్షం సమాధానమిచ్చింది. ఆయుధమా, వాడకమా అన్న వివాదం ఇక్కడ కూడా తప్పలేదు.

భారత ఆయుధ చట్టం, 1959లోని 5వ సెక్షను ప్రకారం తుపాకుల తయారీకి, అమ్మకానికే కాక వాటిని పరీక్షించుటకు కూడా లైసెన్సు అవసరం.

క్రీడారంగంలో కూడా విశ్వసనీయతకు విలువ ఉన్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు అర్హత పోటీలో మను భాకర్ పిస్తోలుకు సాంకేతిక లోపం ఏర్పడి విలువైన సమయం వృథా అయింది. ఆమె 575 పాయింట్లతో, కేవలం రెండు పాయింట్ల తేడాతో ఫైనలు చేరలేకపోయింది. 2024 పారిస్ ఒలింపిక్సులో అదే అంశంలో ఆమె కాంస్య పతకం సాధించింది.

పరీక్షల పరిమితులు

ఎంత పెద్ద పరీక్ష అయినా యుద్ధరంగాన్ని యథాతథంగా సృష్టించలేదు. పరీక్షాకేంద్రంలో నూనె వేళకు అందుతుంది, శుభ్రం చేయుటకు తీరిక ఉంటుంది, కాల్చేవాడు అలసిపోయి ఉండడు. కనుక ఫలితాలను చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని తుపాకులను పరీక్షించారు? ఎన్ని తూటాలు పేల్చారు? ఏ తూటా, ఏ మ్యాగజైను వాడారు? శుభ్రం ఎప్పుడు చేశారు? అన్నిటికంటే ముఖ్యంగా, పరీక్షించిన తరువాత ఏమి మార్చారు? ఆయుధంలో గాని, తూటాలో గాని చిన్న మార్పు చేసినా పరీక్షను మరల మొదటి నుండి జరపాలన్న నియమం, వియత్నాంలో సైనికులు ప్రాణాలతో మూల్యం చెల్లించి నేర్పిన పాఠం.